మధ్యలో నీళ్లు

శిన్‌చుకి గాలి ఊరని పేరు.
అక్టోబరు వస్తే చాలు
శిన్‌పులో మా అక్క పెరటినిండా
వెదురు తట్టల మీద
తొక్క తీసిన పెర్సిమన్ పళ్లు ఆరుతుంటాయి.
నీరంతా కొంచెం కొంచెంగా గాలికి పోతుంటే
లోపలి తీపి పైకొచ్చి
తెల్లగా, పొడిపొడిగా గడ్డకడుతుంది.
స్ఫటికం అంటే ఏమిటని ఎవరడిగినా
అదే చూపిస్తాను.
నా చదువు అంతవరకే.

పద్నాలుగేళ్లుగా నాది రాత్రి షిఫ్టు.
ఎక్స్‌రే కిరణం బయటికొచ్చే గుమ్మం దగ్గర కాపలా:
ద్రవ నైట్రోజన్ నింపడం, ఇనప తలుపు మూయడం,
కంప్యూటర్ నెత్తిన పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లాన్ని
గడువు తీరకముందే మార్చడం.
'బుద్ధిగా ఉండు' అని ఆ పొట్లం పేరు.
అది పాతబడితే యంత్రం మొరాయిస్తుందని
డాక్టరేట్లున్నవాళ్లే నమ్ముతారు, నాదేం పోయింది.

ఆ రాత్రి తైనాన్ నుంచి ఫాన్ యువే-చాన్ వచ్చింది.
మూడేళ్లుగా ఒకే ప్రొటీను వెంట పడిందట.
నలభై ఏడు పళ్లేలు,
పళ్లేనికి తొంభై ఆరు గుంటలు,
గుంటగుంటకీ వేలాడే ఒక చుక్క.
అన్నిట్లోనూ ఒక్క చుక్కలో
కనురెప్ప వెంట్రుక తుంపంత మెరుపు.
నైలాను ఉచ్చుతో దాన్నెత్తి
చలిపొగలో నిలబెట్టాం.
తలుపు మూశాను.
తెర మీద నల్లచుక్కలు తేలాయి,
అక్క తట్టల్లాగే, వరస తప్పకుండా.

తెల్లవారుజామున బొమ్మ కట్టింది.
"ఇదిగో డీఎన్ఏ. దాని మీద ఈ చిన్న బొడిపె ఒక గుర్తు.
గుర్తున్నచోట వచ్చి పట్టుకోవడం ప్రొటీను పని."
"మరి పట్టుకున్న చెయ్యేదీ?"
రెండు వేళ్లు పక్క అక్షరాల్ని తాకుతున్నాయి గానీ
గుర్తుకి ఎదురుగా అంతా ఖాళీ.
ఆమె కాసేపు నీళ్లు నమిలి
"నీళ్లే" అంది.
ఐదు నీటి అణువులు. అటు గుర్తు, ఇటు ప్రొటీను.
ఆనవాలు పట్టింది నీళ్లు.

"నూట యాభై ఎనిమిదోది ఎక్కడుంది?" అన్నాను.
ఆమె కుర్చీ తిప్పి నన్ను మొదటిసారి చూసింది.

అక్క కూతురు యి-తుంగ్.
ఏడాదిన్నరకి పదకొండు మాటలొచ్చు, చెంచా పట్టేది.
తర్వాత మాటలు
వచ్చిన దారినే ఒక్కోటీ వెళ్లిపోయాయి.
చెంచా జారింది.
చేతులు మాత్రం ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి.
ఇప్పుడు పందొమ్మిదేళ్లు.
పొద్దస్తమానం
లేని నీళ్లలో చేతులు కడుగుతుంది.
తైపే డాక్టర్లూ కడుక్కున్నారు,
కాకపోతే ఒక్కసారే.
వాళ్లిచ్చిన కాగితంలో నాకర్థమైంది ఆ అంకె.
అక్కడ ఒక్క అక్షరం తప్పట.

యువే-చాన్ బొమ్మని తిప్పింది, ఇంకా తిప్పింది.
డీఎన్ఏకి దూరంగా, ఒక మలుపు వెనక, ఉంది.
"ఇది దేన్నీ తాకదు.
తాకేవాటి వెనక నిలబడి మలుపుని బిగించి ఉంచుతుంది.
నిచ్చెన ఎక్కినవాడు కాదు,
కింద పట్టుకున్నవాడు."
నాకు అక్క జ్ఞాపకం వచ్చింది.
"అయితే ఇది మందా?"
"కాదు. ఫోటో."
అబద్ధం చెప్పనందుకు
ఆ చిరుతిండి పొట్లం ఆమెకే ఇచ్చేశాను.
కొత్తది పెట్టుకోవచ్చు.

గాలికెదురుగా స్కూటర్ మీద శిన్‌పు చేరేసరికి
అక్క పళ్లు తిరగేస్తోంది.
యి-తుంగ్ అరుగు మీద, చేతులు వాటి పనిలో.
ఏం చెప్పాలో తోచలేదు.
కెటిల్‌లో నీళ్లు గోరువెచ్చగా కాచి, బేసిన్‌లో పోసి
ఆ చేతుల్ని మెల్లగా అందులో దించాను.
ఆగలేదవి.
అదే తిప్పడం, అదే పిండడం.
కానీ ఈసారి మధ్యలో నీళ్లున్నాయి,
చప్పుడు చేస్తూ.
నా మణికట్టు మీద రెండు చుక్కలు పడ్డాయి.

"ఈ గాలిలో తడి చేతులేమిట్రా దానికి!" అని
అక్క తువ్వాలు విసిరింది.